ముసలి సుబేదారుకు బంగారు నక్షత్రం: ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా కథ

ఏటా జనవరి 26కీ, ఆగస్టు 15కీ సైనిక పతకాల జాబితా వస్తుంది. దాని వెంటే వాట్సాప్ గ్రూపుల్లో గందరగోళమూ మొదలవుతుంది. అతి విశిష్ట సేవా మెడల్ వచ్చిన అధికారికి శౌర్య పతకం వచ్చిందని అభినందనలు చెప్పేస్తారు. ఆనరరీ కెప్టెన్ అయిన సుబేదారు గారికి మామూలు ప్రమోషన్ వచ్చిందనుకుంటారు. 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత, యుద్ధకాలపు సేవకు ఇచ్చే సర్వోత్తమ యుద్ధ సేవా మెడల్ పేరు వార్తల్లోకి ఎక్కేసరికి ఈ అయోమయం ఇంకాస్త ముదిరింది. ఇలాంటప్పుడే పాత ట్రంకు పెట్టెలూ తెరుచుకుంటాయి. "మా ముత్తాతకు తెల్లదొరలు సర్దార్ బహదూర్ ఇచ్చారు, అంటే ఇప్పటి పరమవీర చక్రే" అని ఎవరో ఒకరు ఫోటో పెడతారు.

పరమవీర చక్రకూ దానికీ సంబంధం లేదు. అలాగని తీసిపారేసేదీ కాదు. ఆ సర్దార్ బహదూర్ వెనక ఉన్నది ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా, పొట్టిగా ఓబీఐ. ఈస్టిండియా కంపెనీ 1837లో పెట్టింది. ఏళ్ళ తరబడి కొలువు చేసి తల నెరిసిన భారతీయ సైనికాధికారుల కోసం పెట్టిన గౌరవం ఇది. యుద్ధంలో చూపిన సాహసంతో దీనికి పని లేదు.

ఆర్డర్ వేరు, పతకం వేరు

పతకం అంటే చేసిన పనికి గుర్తు. అర్హత ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటే అందరికీ ఇవ్వొచ్చు. ఆర్డర్ అలా కాదు, అందులో సభ్యత్వం ఉంటుంది. తరగతులుంటాయి, చాలాచోట్ల సీట్లకు పరిమితి ఉంటుంది. ఒక సభ్యుడు చనిపోతేనో, పై తరగతికి వెళితేనో కొత్తవాడికి ఖాళీ దొరుకుతుంది. ఓబీఐ ఈ రెండో రకం.

సైనిక గౌరవాల్లో ఇంకో విభజన కూడా ఉంది. ఒకటి శౌర్యానికి: ఫలానా రోజు, ఫలానా చోట, శత్రువు ఎదుట ఏం చేశాడన్నది చూస్తారు. రెండోది సేవకు: ఎన్నేళ్ళు, ఎంత నిబద్ధతతో, మచ్చ లేకుండా పనిచేశాడన్నది చూస్తారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పరమవీర, మహావీర, వీర చక్రలు మొదటి వరుస. పరమ విశిష్ట, అతి విశిష్ట, విశిష్ట సేవా మెడళ్ళు రెండో వరుస. ఓబీఐ ఈ రెండో వరుసకు తాత లాంటిది.

కంపెనీకి ముందే ఐరోపాలో

వెటరన్ అధికారులకు ప్రత్యేకంగా ఒక ఆర్డర్ ఉండాలన్న ఆలోచన కంపెనీ కనిపెట్టింది కాదు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1693లోనే సెయింట్ లూయీ ఆర్డర్ పెట్టాడు. అప్పటిదాకా ఇలాంటి గౌరవాలు గొప్ప వంశాల సొత్తు. ఇది మాత్రం పుట్టుకను పక్కనపెట్టి సర్వీసును చూసింది. అధికారిగా కనీసం పదేళ్ళు చేసి ఉండాలి. పైన 8 మంది గ్రాండ్ క్రాస్‌లు, వాళ్ళ కింద 24 మంది కమాండర్లు, ఆ కింద ఎంతమందైనా షెవాలియేలు. ఎర్ర రిబ్బను. కొందరికి పెన్షను కూడా.

వంశం అడ్డు తొలగింది కానీ మతం అడ్డు ఉండిపోయింది. క్యాథలిక్కు కానివాడికి ఇందులో చోటు లేదు. ఫ్రెంచి సైన్యంలో స్విస్, జర్మన్ రెజిమెంట్లలో ప్రొటెస్టెంటు అధికారులు చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళకోసం 15వ లూయీ 1759లో వేరే గౌరవం పెట్టాడు. దానికి నీలం రిబ్బను. పని ఒకటే, కష్టం ఒకటే, రిబ్బను మాత్రం వేరు. విప్లవం వచ్చాక 1792లో సెయింట్ లూయీని రద్దు చేశారు. 1814లో రాజులతోపాటు అది తిరిగొచ్చి 1830లో పూర్తిగా పోయింది.

రష్యాలో ఇంకో చిక్కు వచ్చింది. కేథరిన్ రాణి 1769లో పెట్టిన సెయింట్ జార్జ్ ఆర్డర్ అసలు శౌర్యానికి. కానీ దాని నాలుగో తరగతిని 25 ఏళ్ళ సర్వీసు చేసిన అధికారులకూ ఇచ్చేవాళ్ళు. ప్రాణాలకు తెగించినవాడి ఛాతీ మీదా, పాతికేళ్ళు నెట్టుకొచ్చినవాడి ఛాతీ మీదా ఒకటే శిలువ! చివరికి 1855లో సర్వీసు లెక్కను అక్కడి నుంచి తీసేసి సెయింట్ వ్లాదిమిర్ ఆర్డర్‌కు మార్చారు.

1837లో ఒకేసారి రెండు

కంపెనీ శౌర్యాన్నీ సర్వీసునూ మొదటి నుంచీ విడివిడిగానే ఉంచింది. లార్డ్ ఆక్లండ్ గవర్నర్ జనరల్‌గా ఉన్న 1837లోనే రెండు ఆర్డర్లు పుట్టాయి. మనవాళ్ళు వాటిని కలగాపులగం చేయడానికి సగం కారణం ఈ కవల పుట్టుకే.

మొదటిది ఆర్డర్ ఆఫ్ మెరిట్. ఇది శౌర్యానికి. సిపాయి నుంచి సుబేదారు దాకా ఎవరైనా అర్హులే. మూడు తరగతులు. మొదటిసారి సాహసం చేస్తే మూడో తరగతి. మళ్ళీ చేస్తే రెండోది. ఇంకోసారి చేస్తే మొదటిది. ఇంగ్లండులో 1902లో అదే పేరుతో ఇంకో ఆర్డర్ రావడంతో దీన్ని ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, అంటే ఐఓఎం అన్నారు. 1897లో సారాగఢీ దగ్గర చనిపోయిన 21 మంది సిక్కు సైనికులకు ఇచ్చింది ఇదే. బ్రిటిష్‌వాళ్ళ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ 1856లో పెట్టినా 1911 దాకా భారతీయ సిపాయికి అందులో చోటు లేదు. అప్పటివరకూ మనవాళ్ళకు అత్యున్నత శౌర్య గౌరవం ఐఓఎమ్మే.

రెండోది ఓబీఐ. దీర్ఘకాలం, విశ్వాసంగా, గౌరవప్రదంగా చేసిన సేవకు. సిపాయిలకూ హవల్దార్లకూ కాదు. కమిషన్ పొందిన భారతీయ అధికారులకే, అంటే సుబేదారు, జమేదారు, అశ్వదళంలో రిసల్దారు స్థాయి వాళ్ళకే. రెండు తరగతులు. మొదటి తరగతి వాళ్ళను సర్దార్ బహదూర్ అనీ, రెండో తరగతి వాళ్ళను బహదూర్ అనీ పిలిచేవాళ్ళు. పై తరగతిలో ఖాళీ వస్తే కింది వాళ్ళు అందులోకి వెళ్ళేవాళ్ళు.

సుబేదారు ఎందుకంత ముసలివాడు?

కంపెనీ సైన్యంలో భారతీయుడు ఎక్కగలిగిన చివరి మెట్టు సుబేదారు, ఆ తర్వాత సుబేదారు మేజరు. అంతకు మించి దారి లేదు. నలభై ఏళ్ళు తుపాకీ మోసిన సుబేదారు మేజరు కూడా, నిన్నగాక మొన్న ఓడ దిగిన ఇంగ్లీషు కుర్ర అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

దీనికి తోడు బెంగాల్ సైన్యంలో ప్రమోషన్లన్నీ దాదాపు సీనియారిటీ మీదే నడిచేవి. పదహారేళ్ళకో, ఇరవై ఏళ్ళకో సిపాయిగా చేరినవాడు నాయక్, హవల్దారు, జమేదారు దాటి సుబేదారు అయ్యేసరికి అరవైకి దగ్గర పడేవాడు. మద్రాసు, బొంబాయి సైన్యాల్లో పనితనానికి కొంత విలువ ఉండేది కాబట్టి అక్కడ పరిస్థితి కాస్త మెరుగు. ఏ సైన్యంలోనైనా పైకప్పు మాత్రం ఒక్కటే.

అందుకే కంపెనీ దగ్గర ఒక చిక్కుముడి ఉండిపోయింది. సైన్యాన్ని నిజంగా నడిపించేది ఈ పెద్దవాళ్ళే. పల్టన్‌లో కుర్రాళ్ళ గొడవలు, సెలవులు, అప్పులు, ఊళ్ళో భూతగాదాలు అన్నీ వాళ్ళ చెవిన పడేవి. ప్రమోషన్ ఇవ్వకుండా వాళ్ళను సంతృప్తిగా ఉంచేదెలా? 1835లో అప్పటి గవర్నర్ జనరల్ బెంటింక్ దేశీ సిపాయిలకు కొరడా దెబ్బల శిక్ష తీసేశాడు (పదేళ్ళకు, 1845లో, అది మళ్ళీ వచ్చింది). భయం ఒక్కటే కాకుండా ఆశ కూడా చూపాలన్న చర్చ అప్పటికే నడుస్తోంది. ఓబీఐ ఆ వాతావరణంలో పుట్టింది.

డబ్బు లెక్క వేసి చూస్తే

ఈ ఆర్డర్ బరువు తెలియాలంటే నక్షత్రాన్ని పక్కనపెట్టి భత్యం చూడాలి. మొదటి తరగతికి రోజుకు 2 రూపాయలు, రెండో తరగతికి రోజుకు 1 రూపాయి. జీతానికి అదనంగా; రిటైరయ్యాక పెన్షనుకు అదనంగా.

ఆ రోజుల్లో కాల్బలం సిపాయి జీతం నెలకు 7 రూపాయలు, ఏడాదికి 84. సర్దార్ బహదూర్ భత్యం ఒక్కటే ఏడాదికి 730 రూపాయలు. అంటే దాదాపు తొమ్మిది మంది సిపాయిల ఏడాది జీతం, ఆర్డర్ పుణ్యమా అని ఒక్క మనిషికి అదనంగా వచ్చేది. బహదూర్‌కు 365 రూపాయలు, నలుగురు సిపాయిల జీతం కంటే ఎక్కువ.

ఇప్పుడు శౌర్యం పక్క చూద్దాం. ఐఓఎం మూడో తరగతి వస్తే జీతంలో మూడో వంతు అదనం. రెండో తరగతికి మూడింట రెండు వంతులు. మొదటి తరగతికి జీతానికి జీతం. ఏడు రూపాయల సిపాయి కోట గుమ్మం బద్దలుకొట్టి మూడో తరగతి తెచ్చుకున్నాడనుకుందాం. అతనికి నెలకు అదనంగా వచ్చేది 2 రూపాయల 5 అణాల 4 పైలు (అణాకు పన్నెండు పైలు). అదే నెలలో, ఏ కోటా ఎక్కకపోయినా, సర్దార్ బహదూర్‌కు 60 రూపాయలు వస్తాయి.

ఇది అన్యాయమని తొందరపడి అనక్కర్లేదు. ఐఓఎం భత్యం జీతాన్ని బట్టి మారుతుంది కాబట్టి సుబేదారే సాహసం చేస్తే అతనికీ ఎక్కువే వస్తుంది. ఐఓఎం పొందినవాడు చనిపోతే భార్యకు మూడేళ్ళ పాటు ఆ డబ్బు అందే ఏర్పాటు కూడా ఉండేది. అయినా అంకెలు ఒక సంగతి బయటపెడతాయి. కంపెనీ ఎక్కువ ఖర్చు పెట్టడానికి సిద్ధపడింది సాహసి మీద కాదు, పదిమందిని తన వెంట తిప్పుకోగల పెద్దమనిషి మీద.

నీలం రిబ్బనుకు నూనె మరక

ఓబీఐ ఛాతీకి పెట్టుకునేది కాదు, మెడలో వేసుకునేది. బంగారు నక్షత్రం, నడుమ నీలం ఎనామిల్ మీద సింహం, చుట్టూ ఆర్డర్ పేరు. మొదటి తరగతి నక్షత్రానికి పైన కిరీటం ఉంటుంది, రెండో దానికి ఉండదు. దాన్ని కట్టే రిబ్బను మొదట్లో ఆకాశ నీలం రంగుది.

అది ఎంచుకున్నవాళ్ళకు సుబేదార్లు తలకు దట్టంగా నూనె రాసుకుంటారన్న సంగతి తట్టినట్టు లేదు. మెడ వెనక నుంచి రిబ్బను చుట్టుకునేసరికి లేత నీలం మీద జిడ్డు మరకలు పడేవని చెబుతారు. పరేడ్‌లో మెరవాల్సిన రిబ్బను వంటింటి గుడ్డలా తయారైంది. మరుసటి ఏడాదే, 1838లో, రిబ్బనును ముదురు ఎరుపుకు మార్చారు. నూనె అలవాటు మారలేదు, రంగే మారింది. సైనిక గౌరవాల చరిత్రలో ఇంత ఇంటి వాసన ఉన్న సవరణ ఇంకోటి నాకు కనిపించలేదు.

ఆ ఎరుపే శతాబ్దం పాటు నడిచింది. 1939లో మొదటి తరగతి రిబ్బను మధ్యలో రెండు నీలి గీతలు, రెండో తరగతికి ఒక గీత చేర్చారు. పాత ఫోటోల్లో మెడలో నక్షత్రం కనిపిస్తే ఓబీఐ అని అనుమానించొచ్చు. ముదురు నీలం రిబ్బనుకు రెండంచులా ఎరుపు ఉండి, ఛాతీ మీద వేలాడుతుంటే అది ఐఓఎం.

బహదూర్లందరూ ఒకటి కాదు

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన బహదూర్ రావు బహదూర్. కందుకూరి వీరేశలింగానికి 1893లో వచ్చింది అదే. అది పౌర బిరుదు. సైన్యంతో సంబంధం లేదు. సంఘసేవకో, ప్రభుత్వోద్యోగానికో, విద్యకో ఇచ్చేవాళ్ళు. రాయ్ బహదూర్, ఖాన్ బహదూర్, దివాన్ బహదూర్ కూడా ఆ కోవలోవే.

సర్దార్ బహదూర్ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఓబీఐ మొదటి తరగతితోపాటు వచ్చే ఈ పిలుపు, సిక్కు ప్రముఖులకు పౌర బిరుదుగా కూడా ఉండేది. కొత్త ఢిల్లీ కట్టిన కాంట్రాక్టరు శోభా సింగ్‌ను సర్దార్ బహదూర్ అనేవాళ్ళు, ఆయన సుబేదారు కాదు. పేరు ముందున్న బిరుదు కంటే పేరు వెనకున్న అక్షరాలు ఎక్కువ నిజం చెబుతాయి. ఓబీఐ అని ఉంటే సైనికుడు. ఓబీఈ అని ఉంటే అది 1917లో పెట్టిన వేరే బ్రిటిష్ ఆర్డర్.

ఒకే మనిషికి రెండూ వచ్చిన సందర్భం చూస్తే తేడా ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఇషర్ సింగ్ 1921లో వజీరిస్తాన్‌లో పోరాడినప్పుడు మామూలు సిపాయి, పాతికేళ్ళ కుర్రవాడు. ఆ ఒక్కరోజు తెగువకు విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సర్వీసు చేసి, అధికారి స్థాయికి ఎదిగాక ఓబీఐ వచ్చింది. పేరు వెనక వీసీ, ఓబీఐ రెండూ. మొదటిది ఒక రోజుకు, రెండోది ఒక జీవితానికి.

విశ్వాసాన్ని కొన్నారా, పెద్దరికాన్ని గుర్తించారా?

ఓబీఐ మీద రెండు వాదనలు వినిపిస్తాయి.

మొదటిది: ఇది విశ్వాసానికి కట్టిన వెల. అర్హతల్లోనే విశ్వాసం అన్న మాట ఉంది. పెన్షను, భత్యం, బిరుదు చేతికందే వయసులో ఉన్న సుబేదారు, కుర్ర సిపాయిలు తిరగబడతామంటే వెనక్కి లాగుతాడు. 1806లో వేలూరులో తలపాగా, బొట్టు, గడ్డాల గొడవ మద్రాసు సైన్యంలో తిరుగుబాటుగా మారిన సంగతి కంపెనీ మర్చిపోలేదు. సిపాయికీ దొరకూ మధ్య ఒక నమ్మకస్తుడు కావాలి. వాడికి ఖరీదు కట్టాలి. పైన వేసిన డబ్బు లెక్క ఈ వాదనకు బలం.

రెండోది: ఆ కాలంలో ఇంకే దారీ లేని మనుషులకు ఇది నిజమైన గౌరవం. విక్టోరియా రాణి 1861లో పెట్టిన స్టార్ ఆఫ్ ఇండియా రాజులకూ, పెద్ద అధికారులకూ. ఓబీఐ మాత్రం రైతు కొడుకుగా పుట్టి సిపాయిగా చేరినవాడి మెడలో పడేది. రిటైరై ఊరికొస్తే ఆ నక్షత్రం చూసి కరణం, మునసబు కూడా లేచి కుర్చీ వేసేవాళ్ళంటే నమ్మొచ్చు. దాన్ని లంచమనడం వాళ్ళ నలభై ఏళ్ళ కష్టాన్ని చిన్నబుచ్చడమేనని ఈ పక్షం అంటుంది.

1857ను సాక్ష్యంగా తెచ్చుకుంటే రెండు వాదనలూ తడబడతాయి. అప్పటికి ఓబీఐ పెట్టి ఇరవై ఏళ్ళు. అయినా బెంగాల్ సైన్యంలో ఎక్కువ భాగం తిరగబడింది. ఢిల్లీలో తిరుగుబాటు దళాలకు సేనాని అయిన బఖ్త్ ఖాన్ కంపెనీ ఫిరంగి దళంలో దశాబ్దాలు చేసిన సుబేదారే. మద్రాసు సైన్యం మాత్రం చాలావరకూ కదల్లేదు. ఆర్డర్ రెండుచోట్లా ఉంది, ఫలితం వేరు. అంటే నక్షత్రం చూపి ఆపగలిగినంత చిన్న కోపం కాదది.

నాకు తోచేదేమిటంటే, రెండు పక్షాలూ ఇచ్చినదాని గురించే కొట్లాడుకుంటున్నాయి. ఇవ్వనిదాన్ని చూడాలి. డబ్బు ఇచ్చారు, బిరుదు ఇచ్చారు, బంగారం ఇచ్చారు. ఒక ఇంగ్లీషు సైనికుడికి హుకుం ఇచ్చే అధికారం మాత్రం ఇవ్వలేదు. ఆ తలుపు 1918లో మొదటిసారి కొంచెం తెరుచుకుంది, ఇంగ్లండులో సైనికాధికారుల్ని తయారుచేసే శాండ్‌హర్స్ట్ కళాశాలలో భారతీయులకు ఏటా పది సీట్లతో. డెహ్రాడూన్ అకాడమీ 1932లో వచ్చింది. ఆ దారిన పూర్తి కమిషన్ పొందిన భారతీయ అధికారులకు ఓబీఐ వర్తించదు. అది కడవరకూ వైస్రాయి కమిషన్ అధికారులకే, అంటే సుబేదారు, జమేదారు, రిసల్దార్లకే మిగిలింది.

తెలుగు పల్టన్లు ఎటుపోయాయి?

ప్లాసీకి క్లైవ్ వెంట వెళ్ళినవాళ్ళలో మద్రాసు సిపాయిలు ఉన్నారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని తిలంగా, అంటే తెలుగువాడు, అనే పిలిచేవాళ్ళు. విజయనగరం, సామర్లకోట, బళ్ళారి, సికింద్రాబాదు దండు ఊళ్ళు. 1837 నాటికి మద్రాసు సైన్యంలో తెలుగు సుబేదార్లకు కొదవ లేదు కాబట్టి కొత్త ఆర్డర్ వాళ్ళకూ అందుబాటులోనే ఉంది.

తర్వాత ఆ వరుస పల్చబడింది. కారణం సైన్యం తీరు మారడం. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనానిగా ఉండి, ఆ వెంటనే దేశం మొత్తానికి సేనాని అయిన రాబర్ట్స్, కొన్ని జాతులే పోరాటానికి పుట్టాయనే యుద్ధజాతుల సిద్ధాంతాన్ని గట్టిగా పట్టుకున్నాడు. దక్షిణాది వాళ్ళు పోరాటానికి పనికిరారన్నది ఆ సిద్ధాంతంలో ఒక ముక్క. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు పెరిగారు. తెలుగు భర్తీ తగ్గింది. సిపాయిలే లేకపోతే ముప్పై ఏళ్ళ తర్వాత సుబేదార్లు ఎక్కడి నుంచి వస్తారు? రెండు ప్రపంచ యుద్ధాల మధ్య మద్రాసు రెజిమెంటునే రద్దు చేశారు. రెండో యుద్ధంలో మనుషులు చాలక మళ్ళీ లేపారు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళు ఈ ఒడిదొడుకుల్లోనూ సైన్యానికి మనుషుల్ని పంపుతూనే వచ్చాయి.

1947 తర్వాత ఆ చోటులో ఏముంది?

స్వాతంత్ర్యంతో ఓబీఐ ఆగిపోయింది. వైస్రాయి కమిషన్ అధికారులు జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు (జేసీఓలు) అయ్యారు. 1950 జనవరి 26న పరమవీర, మహావీర, వీర చక్రలు వచ్చాయి. సేవకు 1960లో విశిష్ట సేవా మెడల్ మూడు తరగతులుగా మొదలైంది. 1967లో వాటికి పరమ, అతి అన్న పేర్లు చేరాయి. ఇవి మెడళ్ళు, ఆర్డర్లు కావు. వీటికి అన్ని ర్యాంకుల వాళ్ళూ అర్హులే అయినా, పరమ, అతి విశిష్ట జాబితాల్లో కనిపించేది ఎక్కువగా సీనియర్ అధికారులే.

సుబేదారు స్థాయి వాళ్ళ విషయంలో ఓబీఐ పనిని ఇప్పుడు చేస్తున్నది ఆనరరీ కమిషన్ అనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళ మంచి సర్వీసు ఉన్న జేసీఓలకు రిటైర్మెంట్ దగ్గరపడ్డాక, గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం జాబితాల్లో ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ ర్యాంకులు ఇస్తారు. సర్వీసులో ఉండగా వస్తే జీతం, దాంతో పెన్షను పెరుగుతాయి. మామూలు ప్రమోషన్ కాదు, శౌర్య పతకమూ కాదు.

మరి రాజ్యాంగం బిరుదుల్ని రద్దు చేసింది కదా అని కొందరి సందేహం. 18వ అధికరణ ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదంటూనే సైనిక, విద్యా విశిష్టతలకు మినహాయింపు ఇచ్చింది. రావు బహదూర్ లాంటివి ఆ నిషేధం కిందికి వస్తాయి. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, అయితే వాటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అందుకే పద్మశ్రీ ఫలానా అని కార్డు కొట్టించుకోవడం తప్పు. రిటైరైన సుబేదారు గారు మాత్రం గేటు మీద ఆనరరీ కెప్టెన్ అని నిక్షేపంగా రాయించుకోవచ్చు.